ఓట్స్ కొనేముందు ఇంట్లో పప్పు ఎంత వండుతున్నారో చూడండి

మీరు అడిగినది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. వయసు 38, ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు, బరువు 78 కిలోలు. విశాఖ మధురవాడలో ఇల్లు, రుషికొండ ఐటీ కొండ మీద కుర్చీ ఉద్యోగం. వారానికి నాలుగు రోజులు తెల్లవారుజామున ఆర్కే బీచ్‌కి వచ్చి గంటసేపు నడుస్తున్నారు. అయినా ఏడాదిగా తూకం ముల్లు కదలడం లేదు, పైగా మొన్నటి రక్తపరీక్షలో, మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ 6.0 వచ్చింది. అన్నం మానేసి ఓట్స్, కినోవా తెద్దామని మీ శ్రీమతి అంటున్నారు. చోడి (రాగి) అంబలి తాగితే అన్నీ అవే సర్దుకుంటాయని మీ అమ్మగారు అంటున్నారు. రోజూ నమ్ముకోదగిన తిండి ఏది, వ్యాయామం ఏది అన్నది మీ ప్రశ్న. అమ్మగారి మోకాళ్ళ సంగతి కూడా చివర్లో కలిపారు.

నేను బడిలో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు పొద్దున్నే కాలనీ పార్కులో గృహిణులకూ, మీలాంటి కుర్చీ ఉద్యోగులకూ కసరత్తు చేయిస్తుంటాను. డాక్టర్ని కాను. 5.7 నుంచి 6.4 మధ్య ఉన్న హెచ్‌బీఏ1సీని మధుమేహానికి ముందు దశ అంటారు కాబట్టి మీ రిపోర్టు ఒకసారి డాక్టరుకు చూపించి, గుండె, బీపీ సంగతి కూడా తేల్చుకున్నాకే కింద చెప్పినవి మొదలుపెట్టండి. నా అభిప్రాయం మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను: మీ ఇంట్లో తక్కువైంది పప్పు, మీ ఒంట్లో తక్కువైంది కండ. ఓట్స్ వల్ల మొదటిది రాదు, బీచ్ నడక వల్ల రెండోది రాదు.

అత్తాకోడళ్ళ తగువు ముందు తీర్చేద్దాం. చోళ్ళు మంచివే. 100 గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, బియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు. కానీ ప్రోటీన్ చూస్తే ఏడు గ్రాములే, బియ్యానికి అటూ ఇటూ. కేలరీలు కూడా రెండింటిలో పెద్ద తేడా లేకుండానే ఉంటాయి. కాబట్టి అన్నం ఎంత తినేవారో చోడి ముద్ద అంతే తింటే పొట్టకు తేడా తెలియదు. పిండి ఎంత మెత్తగా ఆడిస్తే, జావ ఎంత పలచగా కాస్తే, రక్తంలో చక్కెర అంత తొందరగా పెరుగుతుంది. అందులో బెల్లం కలిపి పెద్ద గ్లాసుతో తాగి, అరగంట తర్వాత ఇడ్లీలు కూడా లాగించేవారిని చాలామందిని చూశాను. అంబలి తాగిన రోజు అదే టిఫిను, మజ్జిగ కలిపి, పక్కన ఉల్లిపాయ, గుప్పెడు ఉడికించిన పెసలో శనగలో పెట్టుకుని. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన దగ్గర నుంచి చిరుధాన్యాల బిస్కెట్లు, నూడుల్సు కూడా వస్తున్నాయి. బిస్కెట్టు ఏ పిండితో చేసినా బిస్కెట్టే. ఇక ఓట్స్‌తో నాకు పేచీ లేదు, మసాలా కలిపి అమ్మే పొట్లాలు మాత్రం వద్దు, ఉప్పు ఎక్కువ. కినోవా మంచి గింజే, ధరే మంచిది కాదు.

ఇప్పుడు అసలు విషయం. రేపు మధ్యాహ్నం పప్పు పొయ్యి మీద పెట్టేముందు కందిపప్పును తూచమనండి. నలుగురున్న ఇంట్లో టమాటా పప్పుకైనా పప్పుచారుకైనా వేసేది సాధారణంగా 100 గ్రాములు, మహా అయితే 120. అంటే తలా పాతిక, ముప్పై గ్రాములు. అందులోంచి వచ్చే ప్రోటీన్ ఆరు గ్రాములు, ఒక కోడిగుడ్డులో ఉన్నంత. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2,000 కేలరీల ఆహారానికి రోజువారీ లెక్క ఉంది: ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, పప్పుగింజలు 85, కూరగాయలు ఆకుకూరలతో కలిపి 400, పండ్లు 100, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, వేరుశనగ, నువ్వుల వంటివి 35, నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు. కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలన్నది మన దేశపు ప్రమాణం. మీ బరువుకు సుమారు 65 గ్రాములు. పై లెక్క ప్రకారం తింటే పొడి డబ్బాలేవీ లేకుండానే దాదాపు అంతా సమకూరుతుంది. మన ఇళ్ళలో ధాన్యం 250కి చాలా పైన, పప్పు 85కి చాలా కింద ఉంటుంది. రోగమంతా అక్కడే.

అన్నం ఎందుకు పెరుగుతుందో తెలుసా? మనం తినే పద్ధతి అలాంటిది. పప్పులోకి ఒక వాయి, కూరలోకి ఒక వాయి, చారులోకి ఒకటి, పెరుగులోకి ఒకటి. ప్రతి వాయికీ హస్తం నిండా అన్నం పడుతుంది. ఏ ఒక్కటీ ఎక్కువ అనిపించదు, నాలుగూ కలిస్తే పొయ్యి మీది గిన్నెలో సగం అవుతుంది. నేను చేయించే మార్పు ఒక్కటే: రెండు వాయిలు. మొదట కూర కొంత, పప్పు కొంత ఉత్తినే తినండి. ఆ తర్వాత పప్పన్నం గానీ పులుసన్నం గానీ ఒక వాయి, చివర పెరుగన్నం చిన్న వాయి. చారు గ్లాసులో పోసుకుని తాగండి. కూర, పప్పు ముందు కడుపులోకి వెళితే అన్నం వల్ల పెరిగే చక్కెర నెమ్మదిస్తుంది. బియ్యం లెక్క కావాలంటే మధ్యాహ్నానికి తలా 100 గ్రాములు, రాత్రికి 70 చాలు. ఉడికితే అది రెండున్నర, మూడింతలు అవుతుంది కాబట్టి కంచం మరీ బోసిపోదు. ఎండాకాలంలో చద్దన్నం తినే అలవాటు ఉంటే మానకండి. ఆకలిగా లేకపోయినా గిన్నె ఖాళీ చేయడం కోసం తినే అలవాటు ఉంటే మాత్రం మానండి.

పప్పు 85 గ్రాములకు చేరడం కష్టమని భయపడకండి. పెసరట్టు ఒక్కటి చాలా పని చేస్తుంది. రెండు అట్లకు 50 గ్రాముల పెసలు పడతాయి, 12 గ్రాముల ప్రోటీన్ పొద్దున్నే ఖాతాలో పడుతుంది. లోపల ఉప్మా మాత్రం ఆదివారానికి ఉంచుకోండి. ఉలవచారు ఇష్టమైతే ఒక్క మాట: ఉలవలు ఉడికించిన నీళ్ళతో చారు కాచుకుని గింజలు పారేస్తే సారమంతా పోయినట్టే. ఆ గింజలకే పోపు పెట్టి గుగ్గిళ్ళు చేసుకోండి. సాయంత్రం ఆఫీసులో సమోసా వేళకు ఆ డబ్బా తీయండి.

చేపలు తినే ఇల్లయితే, విశాఖలో ఉండి ప్రోటీన్ పొడుల వెంట పడటం నాకు వింతగానే ఉంటుంది. వంజరం, చందువ మాత్రమే చేపలనుకోకండి. ఫిషింగ్ హార్బర్‌లో వాటికన్నా చాలా చవకగా దొరికే కానాగంతలు, కవళ్ళు, నెత్తళ్ళలో ప్రోటీన్ ఏమీ తక్కువ కాదు, గుండెకు మేలు చేసే ఒమేగా కొవ్వులు నిజానికి కానాగంతలు, కవళ్ళలోనే ఎక్కువ. చింతపండు పులుసు పెట్టుకోండి. వేపుడు చేస్తే నూనె లెక్క తప్పుతుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం కాబట్టి ఆ 61 రోజులు గుడ్లతో, ఉలవలతో నెట్టుకురండి. ఎండుచేపలతో నెట్టుకొస్తాం అంటారేమో, రోజుకు మొత్తం ఉప్పు అయిదు గ్రాములు దాటకూడదు. ఆవకాయ ముక్క, ఎండుచేప ఒకే కంచంలో పడితే ఆ పూటకే హద్దు దాటిపోతారు.

కూరగాయలు తలా 400 గ్రాములంటే నలుగురికి రోజుకు కిలోన్నర పైనే, వారానికి పదకొండు కిలోలు. ఎంవీపీ కాలనీ రైతు బజార్లో నుంచో, సీతమ్మధార రైతు బజార్లో నుంచో వారం సరుకు ఒక్క చేతి సంచిలో తెచ్చేస్తున్నారంటే మీరు సరిపడా కొనడం లేదన్న మాట. తోటకూర, బచ్చలి, మునగాకు, ఆనపకాయ, బీర, అరటికాయ. ఆవ పెట్టిన కూరలకు నూనె కూడా తక్కువే పడుతుంది. బంగాళాదుంప వేపుడును ఈ లెక్కలో కలపకండి.

నూనెను చెంచాలతో కొలిచే ఓపిక ఏ ఇంట్లోనూ ఉండదు, నెలకు ఎన్ని లీటరు ప్యాకెట్లు కత్తిరించారో లెక్కపెట్టండి. రోజుకు 27 గ్రాముల చొప్పున నలుగురికి నెలకు మూడున్నర లీటర్లు, నెయ్యితో కలిపి. అయిదారు ప్యాకెట్లు అవుతున్నాయంటే మీ బరువు కదలకపోవడానికి కారణం వెతుక్కుంటూ బీచ్ దాకా రానక్కరలేదు.

బీచ్ అంటే గుర్తొచ్చింది. నడక అయ్యాక టిఫిను బండి దగ్గర ఆగుతున్నారా? మీరు రాయలేదు గానీ అడగక తప్పదు. గంట కబుర్ల నడకలో ఖర్చయ్యేది 200 కేలరీలకు కాస్త అటూ ఇటూ. పూరీ, బంగాళాదుంప కూర ఒక ప్లేటు దాన్ని తిరిగి ఇచ్చేసి పైన వడ్డీ కూడా కడుతుంది. సాయంత్రం బీచ్‌లో తినాలనిపిస్తే మూరీ మిక్చరు తినండి, మరమరాలు, వేరుశనగలు, ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం. కారప్పూస తక్కువ వేయమని చెప్పండి. బజ్జీల బండితో పోలిస్తే అది దేవుడిచ్చిన వరం. టీ కూడా చూసుకోండి. రెండేసి చెంచాల చక్కెరతో రోజుకు నాలుగు టీలు తాగితే ఎనిమిది చెంచాలు, 35, 40 గ్రాముల చక్కెర. అంత చక్కెర ఒకే గిన్నెలో పోసి ఇస్తే మీరు తినరు.

ఇక వ్యాయామం. మధురవాడ నుంచి కారు వేసుకుని వచ్చి నడుస్తున్నారు, సరే. తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు, గాలి బాగుంటుంది, మీ మనసుకు అది మంచిదే. కానీ కాళీమాత గుడి నుంచి కురుసుర జలాంతర్గామి మీదుగా వెళ్ళివచ్చే ఆ దారి చదును, నలుగురితో కలిసి నడిచే నడక నెమ్మది. ఒక పరీక్ష ఉంది: నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. పాడగలుగుతున్నారంటే అది షికారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వేగపు వ్యాయామం చెబుతుంది, దాంతోపాటు కనీసం రెండు రోజులు కండరాలకు బరువు పడే పని చేయమంటుంది. ఆ రెండో ముక్కను మన పార్కుల్లో పట్టించుకునేవారు వేళ్ళ మీద లెక్కపెట్టదగినంత మంది.

దాన్ని వదిలేయకూడదు. భోజనం తర్వాత రక్తంలోకి వచ్చే చక్కెరను ఎక్కువగా తీసుకునేది కండరాలే. తొడలు, పిరుదుల కండ తగ్గితే ఆ చక్కెరకు చోటు తగ్గుతుంది. ముప్పై దాటాక ఆ కండ దానంతట అది తరుగుతూ ఉంటుంది, కుర్చీ ఉద్యోగం దాన్ని తొందర పెడుతుంది.

బరువులెత్తడం ఉత్తరాంధ్రకు కొత్త విద్య కాదు. తాలింఖానాల, అంటే పాతకాలపు వ్యాయామశాలల కాలంలో పేరు మోగిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు వీరఘట్టంలో పుట్టినవాడు. విజయనగరం జిల్లా కొండవెలగాడ అనే పల్లెకు వెయిట్‌లిఫ్టింగ్ వల్లే పేరొచ్చింది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు. బరువులెత్తితే మగవాళ్ళలా తయారవుతామని భయపడే ఆడవాళ్ళకు నేను ఆమె ఫొటో చూపిస్తాను. మీ శ్రీమతిని కూడా కలుపుకోండి, ఇద్దరికీ ఒకటే పాఠం.

జిమ్ము ఇష్టమైతే వెళ్ళండి, అవసరం మాత్రం కాదు. బస్కీలు, దండీలు (పుషప్స్), లాగడం, మోయడం, ఈ నాలుగూ ఇంట్లో చాలు.

బస్కీలు కుర్చీతో మొదలుపెట్టండి. కుర్చీ అంచున కూర్చుని, పాదాలు భుజాల వెడల్పున ఉంచి, చేతులు ముందుకు చాచి, మడమల మీద బరువు వేసి లేవండి. కూర్చునేటప్పుడు ధబాలున పడకుండా మూడు అంకెలు లెక్కపెడుతూ దిగండి. ఆ దిగడంలోనే సగం పని ఉంది, అందరూ దొంగిలించేది కూడా అక్కడే. మోకాళ్ళు లోపలికి ఒరిగిపోకూడదు, కాలి వేళ్ళు ఎటు చూస్తుంటే అటే వెళ్ళాలి. కుర్చీ తేలికైపోతే తీసేసి పూర్తి బస్కీ తీయండి, అదీ తేలికైతే అయిదు కిలోల బియ్యం సంచి గుండెకు హత్తుకుని తీయండి.

దండీలు నేల మీద రావడం లేదని సిగ్గుపడి మానేసేవారు ఎక్కువ. ముందు గోడ, తర్వాత వంటింటి గట్టు, తర్వాత మంచం అంచు, ఆ తర్వాతే నేల. చేతులు కిందికి వెళ్ళేకొద్దీ బరువు పెరుగుతుంది. లాగడానికి అదే బియ్యం సంచిని లాప్‌టాప్ బ్యాగులో పెట్టండి, ఒక చేయి మంచం మీద ఆనించి, వీపు వంకర పోకుండా ముందుకు వంగి, బ్యాగును నడుము పక్కకు లాగండి. సూర్యనమస్కారాలు చేసేవారికీ ఇది కావాలి, వాటిలో తోయడం ఉంది గానీ లాగడం లేదు. రోజంతా కంప్యూటర్ మీదికి ఒంగిన భుజాలకు లాగడమే మందు.

నాలుగోది 20 లీటర్ల మంచినీళ్ళ టిన్ను. దాదాపు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ గుమ్మం దగ్గర ఉంటుంది, నడుము పట్టేసిందని నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది దాని బాధితులే. దూరంగా నిలబడి, వీపు విల్లులా వంచి, ఒక చేత్తో పక్కకు లాగి లేపుతారు. టిన్నుకు ఆనుకునేంత దగ్గరగా రండి, పాదాలు రెండు పక్కలా ఉంచండి. వెనక్కి కూర్చుంటున్నట్టు పిరుదులు వెనక్కి నెట్టి, వీపు తిన్నగా ఉంచి, రెండు చేతులా పట్టుకుని, ఊపిరి తీసుకుని కాళ్ళతో లేవండి. సగం నింపిన టిన్నుతో నేర్చుకుని తర్వాత నిండుదానికి వెళ్ళండి. లేపాక వరండా చివరి దాకా నడిచి వచ్చి అంతే పద్ధతిగా దించండి.

మొదటి మూడూ ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, టిన్ను ఒకసారి, మొత్తం మూడు ఆవృత్తులు, మధ్యలో నిమిషం విశ్రాంతి. వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విరామం. ఇంకో రెండు చేయగలను అనిపించినప్పుడు ఆపేయండి. పన్నెండు సునాయాసంగా వస్తుంటే బరువు పెంచాల్సిందే, ఏడాది పొడవునా అదే బరువుతో అవే పన్నెండు తీస్తే శరీరం మారదు.

నడకను కూడా కొంచెం మార్చండి. మీ ఆఫీసే కొండ మీద ఉంది, లిఫ్టు మానడంతో మొదలుపెట్టవచ్చు. నాలుగు బీచ్ నడకల్లో ఒకదాన్ని కైలాసగిరి మెట్లకు మార్చండి, నెల తర్వాత సింహాచలం మెట్ల దారి, వెయ్యికి పైగా మెట్లు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, మర్నాడు తొడలు పట్టేసేది మాత్రం దిగడం వల్ల. కాబట్టి మొదటిసారి సగం దాకా ఎక్కి దిగండి. ఆషాఢ పౌర్ణమి గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. ఏటా ఏ సాధనా లేకుండా భక్తి ఒక్కదాన్ని నమ్ముకుని బయలుదేరి, పాదాలు బొబ్బలెక్కి, పిక్కలు పట్టేసి మధ్యలో కూలబడేవారు ఉంటారు. వెళ్ళాలనుకుంటే రెండు మూడు నెలల ముందు నుంచి వారానికి ఒక పెద్ద నడక పెట్టుకుని దూరం కొంచెం కొంచెంగా పెంచుకోండి.

విశాఖ ఉక్కలో చెమట ఆరదు, అందుకే ఒళ్ళు చల్లబడదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ ఎక్కేలోపే ముగించండి. ప్లాస్టిక్ కోటు వేసుకుని పరుగెత్తేవారిని బీచ్‌లో చూసే ఉంటారు, వారు తగ్గించుకునేది నీరు, రెండు గ్లాసుల మజ్జిగతో తిరిగి వచ్చేస్తుంది. ఛాతీలో బరువుగా అనిపించినా, కళ్ళు తిరిగినా అక్కడికక్కడే ఆపి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఒక్క పని మాత్రం ఈ రాత్రి నుంచే: భోజనం అయ్యాక పావుగంట నడక. అపార్ట్‌మెంట్ ఆవరణ చాలు, వేగం అక్కరలేదు. భోజనం తర్వాత పెరిగే చక్కెర మీద పొద్దుటి గంట నడక కంటే ఇది సూటిగా పనిచేస్తుంది.

ఎంత తగ్గాలి అంటారా? కాలేజీ నాటి బరువు మీద ఆశ పెట్టుకోకండి. అమెరికాలో జరిగి 2002లో వెలువడిన మధుమేహ నివారణ అధ్యయనంలో పెట్టుకున్న లక్ష్యం శరీర బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం. మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. మీకు 7 శాతమంటే అయిదున్నర కిలోలు. నెలకు కిలో చొప్పున తగ్గినా అర్ధ సంవత్సరం పని. తూకంతో పాటు టేపు కూడా పెట్టుకోండి. మగవారికి నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటకూడదన్నది మన వాళ్ళకు చెప్పే హద్దు. కండ పెరుగుతూ కొవ్వు కరుగుతున్నప్పుడు తూకం మొండికేస్తుంది, టేపు నిజం చెబుతుంది.

అమ్మగారి సంగతి. మోకాళ్ళ నొప్పికి పూర్తిగా కూర్చోబెట్టేస్తే తొడ కండ కరిగి, మోకాలి మీద భారం ఇంకా పెరుగుతుంది. వాపు గానీ, రాత్రి నిద్రపట్టనంత నొప్పి గానీ ఉంటే ముందు ఎముకల డాక్టరుకు చూపించండి. లేకపోతే పైన చెప్పిన కుర్చీ బస్కీలే ఆవిడకూ, రోజుకు రెండు పూటలా అయిదేసి, పక్కన పట్టుకోవడానికి బల్ల ఉండాలి. ఇసుకలో చెప్పులు లేకుండా నడిపించకండి, చదునైన దారిలో బూట్లతో నడిపించండి. ఆవిడ కంచంలో పప్పు, పెరుగు మీ కంచంలో ఎంత ఉంటే అంత ఉండాలి. అందరికీ వడ్డించి అడుగున మిగిలిన చారుతో సరిపెట్టుకునే అలవాటు ఉంటే అది మీరే కనిపెట్టి మాన్పించాలి. కుర్చీ మీద ఎత్తు దిండు వేసి మొదలుపెట్టమనండి, చేతులు ఆనించకుండా లేవగలిగాక దిండు తీసేయండి.